చాచా చూపించలేకపోయిన బోరు

మా చాచా చనిపోయారు. పోయిన గురువారం పొద్దున, ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి ఉండగానే ఊపిరి ఆగిపోయిందని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను షెడ్డులో పసుపు నీళ్ళ తొట్టి ముందు నిలబడి ఉన్నాను.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందే చెప్తాను. మా ఊరి బయట ఎండిపోయిన మూడు బోర్లలో ఒకప్పుడు విషపు నీళ్ళు పోశారు. పోసిన వాళ్ళలో చాచా ఒకరు. రెండు బోర్లు ఆయన నాకు చూపించారు. మూడోది చూపించకుండానే పోయారు. వచ్చే నెలలో మా చెరువుకు కాలవ నీళ్ళు వదులుతారట. చెరువు నిండితే చుట్టుపక్కల భూమిలో నీళ్ళు పైకొస్తాయి. ఎండిన బోర్లు కూడా ఊరుతాయి. రైతులు సంతోషంగా పాత బోర్లలో మళ్ళీ మోటార్లు దింపుతారు. అంతకుముందే ఆ మూడో బోరు ఎక్కడుందో తెలియాలి. అది తెలిసిన మనిషి ఈ పత్రిక చదివేవాళ్ళలో ఉండొచ్చని నా ఆశ.

చాచా నాకు బంధువు కాదు. కుళాయిలకూ బైకు హ్యాండిళ్ళకూ తళతళలాడే పూత వేసే ప్లేటింగ్ షెడ్డు మాది. పూత వేశాక సామాను కడిగిన నీళ్ళలో క్రోమియం అనే లోహం మిగిలిపోతుంది. ఆ నీళ్ళను బయటికి వదిలే ముందు అందులోని విషం తీయాలి. ఆ పని చాచాది. షెడ్డులో ఆయన్ను చాచా అనే అందరూ పిలిచేవాళ్ళు, ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా.

నేను చేరిన రోజు మేనేజరు నన్ను షెడ్డు వెనక్కి తీసుకుపోయి, "కొత్త కెమిస్టు" అని చూపించి వెళ్ళిపోయాడు. రేకుల కింద నాలుగు తొట్లు ఉన్నాయి. మొదటిదాంట్లో నీళ్ళు పండు నిమ్మకాయ రంగులో, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. అది నడి ఎండాకాలం. షెడ్డు ముందర పైపు కారే చోట ఈగలు, కందిరీగలు, పిచ్చుకలు కొట్లాడుకుంటున్నాయి. ఇక్కడ మాత్రం ఒక్క దోమ లేదు. తొట్టి గోడకు పాచి లేదు, అంచున చీమ లేదు. అంత నీళ్ళ దగ్గర అంత నిశ్శబ్దం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"ఏం చదివినావ్ పాపా?" అన్నారు చాచా.

"బీఎస్సీ చాచా. కెమిస్ట్రీ."

"మీ ఇంట్లో ఇంగెవురు చదివినారు?"

"ఎవురూ లేదు. నాయన గొర్లు మేపుతాడు. బడికి పోయింది నేనొక్కదాన్నే."

"సరే బీఎస్సీ. ఆ తొట్టిలో ఏముండాదో చెప్పు."

నేను క్రోమియం గురించి పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. "పేరు నాకూ తెలుసులే. దాన్ని చూస్తే నీకేమనిపిస్తాందో చెప్పు."

నేను సిగ్గుపడుతూనే నిజం చెప్పాను. "తాగాలనిపిస్తాంది చాచా."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "నాకూ దినామూ అట్లనే అనిపిస్తాది," అన్నారు.

ఆ రోజు నుంచి నా పేరు బీఎస్సీ అయింది.

ఆయన పని చేస్తుంటే చూడాల్సిందే. పసుపు నీళ్ళలో ముందు ఆసిడ్ కలుపుతారు. తర్వాత తెల్లటి పొడి కొంచెం కొంచెంగా చల్లుతూ పొడుగాటి కర్రతో కలియబెడతారు. పసుపు మెల్లగా మసకబారి, ఒక చోట మొదలై తొట్టంతా ఆకుపచ్చగా మారిపోతుంది. అప్పుడు సున్నపు నీళ్ళు పోస్తారు. ఆకుపచ్చ రంగంతా విరిగిన పాలలా ముద్దలు కట్టి కిందికి దిగుతుంది. పైన తేటనీళ్ళు నిలుస్తాయి. అడుగున చేరిన బురదను ఆరబెట్టి, మూటలు కట్టి, విషపు చెత్త దాచే చోటికి పంపుతారు. మొదట్లో నేను గంటకోసారి తొంగి చూసేదాన్ని. "నీళ్ళను తొందరపెట్టొద్దు బీఎస్సీ," అనేవారు. "వాటికి మన డ్యూటీ టైం తెల్దు."

పసుపు తొట్టి మీద ఆయన పాత చీరలు రెండు కలిపి కుట్టి పందిరిలా కట్టారు. ఎండలకు పిట్టలు నీళ్ళు కనబడితే చాలు వాలిపోతాయి కదా. వాటి కోసం పక్కనే మట్టి మూకుడులో మంచినీళ్ళు పెట్టేవారు. తాను తాగేముందు ఆ మూకుడు నింపేవారు. ఏ రోజూ తప్పింది లేదు.

ఆయన ముక్కు లోపల, రెండు రంధ్రాల మధ్య ఉండే గోడకు చిల్లు పడింది. పాత రోజుల్లో వేరే షెడ్డులో ఏళ్ళ తరబడి ఆ ఆవిరి పీల్చడం వల్ల అలా అయింది. కొత్తగా చేరినవాళ్ళు మాస్కు తీసేస్తే పిలిచి చూపించేవారు. "చూడప్పా, సూదికి మాదిరి దారం ఎక్కియ్యొచ్చు. నీకూ కావల్నా?" వాళ్ళు నవ్వేవాళ్ళు, కాసేపటికి మాస్కు పెట్టుకునేవాళ్ళు. ఆయనకు వాసనలు తెలియవు. రంజాన్ రోజు కూతురు ఆయన చొక్కాకు అత్తరు రాస్తుంది. మరుసటి రోజు అదే చొక్కాతో షెడ్డుకు వచ్చి నన్ను పక్కకు పిలిచారు. "బీఎస్సీ, వాసన బాగుండాదా? పాప అడుగుతాది, ఏం చెప్పల్లో తెల్దు." మల్లెపూల వాసన అని చెప్పాను. సాయంత్రం కూతురికి ఫోన్ చేసి, "మల్లెపూలమ్మా, ఘాటుగా ఉండాది," అని ఆయన గర్వంగా చెప్తుంటే విన్నాను.

ఆయన దగ్గర నేను చేసిన తప్పు ఒకటి రాయాలి. తేటనీళ్ళు బయటికి వదిలే ముందు పరీక్ష చెయ్యడం నా పని. గాజు గొట్టంలో నీళ్ళు తీసుకుని ఒక మందు రెండు చుక్కలు వేస్తాము. విషం మిగిలి ఉంటే ఊదారంగు తిరుగుతుంది. ఒక రోజు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. బస్సుకు టైం అయింది. పరీక్ష చెయ్యకుండానే సరిపోయిందని రాసి సంతకం పెట్టాను. చాచా మాత్రం ఆ నీళ్ళు వదిలే వాల్వు తిప్పలేదు. మర్నాడు వచ్చేసరికి అవే నీళ్ళు ఒక గ్లాసులో నా బల్ల మీద ఉన్నాయి. "వెయ్యి" అన్నారు. రెండు చుక్కలు వేశాను. తేటనీళ్ళ నడుమ ఊదారంగు పొగలా విచ్చుకుని గ్లాసంతా నిండింది. "రంగు పోయిందంటే విషం పోయిందని కాదు," అన్నారు. "ఇంగొక్క తూరి చూడు. ఎప్పుడైనా సరే, ఇంగొక్క తూరి." ఈ సంగతి మేనేజరుకు ఆయన చెప్పలేదు. నేనే చెప్పాను.

చేరిన ఏడాదికి, అన్నం తినేటప్పుడు ఆయన ఉన్నట్టుండి అడిగారు. "మీ అవ్వ ఇంగా నన్ను తిడ్తాందా?"

"మా అవ్వ నీకెట్ల తెలుసు చాచా?"

"నెత్తిమీద కుండ పగలగొట్టినోన్ని ఎవురు మర్చిపోతారు! నువ్వు ఆయమ్మ మనవరాలివని మొన్ననే తెల్సింది."

ఆ కుండ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మా వైపు మంచి వానలు పడ్డాయి. చాలా ఏళ్ళ తర్వాత బోర్లు ఊరాయి. దిగువ పొలంలో ఒక బోరు నుంచి పసుపు కలిపినట్టు నీళ్ళు వచ్చాయి. అమ్మవారే పసుపు నీళ్ళు ఇచ్చిందని ఊరంతా ఆ పొలానికి కదిలింది. మోటారుకు కుంకుమ పెట్టారు, టెంకాయలు కొట్టారు, దోసిళ్ళతో తాగారు. మా వైపు ఆటలమ్మ పోసిన పిల్లలకు పసుపు, వేపాకు కలిపిన నీళ్ళు పోస్తారు. అప్పుడు నాకు ఒళ్ళంతా ఆటలమ్మ. అమ్మవారే పసుపు కలిపి ఇచ్చిన నీళ్ళు ఉండగా వేరేవి ఎందుకని అవ్వ కుండ నింపుకుని వస్తుంటే, ఎవరో సాయిబు దారిలో కర్రతో కొట్టి ఆ కుండ పగలగొట్టాడు. అవ్వ చెప్పేది ఇంతే. ఆ సాయిబును ఆమె పద్దెనిమిదేళ్ళు తిట్టింది.

మిగిలింది చాచా చెప్పారు. అప్పటి పాత షెడ్డులో తొట్లు లేవు. వాడిన నీళ్ళు నిండితే టాంకరులో నింపి, మెరక పొలాల్లో ఎండిపోయిన బోర్లలోకి వదిలేవాళ్ళు. "ఎవురికీ చెడు చెయ్యల్లని కాదు బీఎస్సీ. ఎండిన బోరంటే మాకు అడుగు లేని గుంత. కిందంతా రాయే కదా, యాడికి పోతాదిలే అనుకున్యాం. ఆ పసుపు నీళ్ళు చూస్తానే నాకు తెల్సిపోయింది. జనం తాగుతాండారు. నేను ఆ జనంలోనే నిలబడుకొని రెండు దినాలు నోరు మూసుకున్యా. మూడో దినం మీ అవ్వ కుండతో ఎదురొచ్చింది. యాడికమ్మా అంటే, మనవరాలికి పొయ్యల్ల, ఒళ్ళంతా పుండ్లు అన్నింది. ఇంగ ఆగలేకపోయినా."

"కొట్టినారా నిన్ను?"

"కొట్టరా మళ్ళ! అమ్మవారి నీళ్ళు నేలపాలు చేసినోన్ని. కొడతాంటేనే చెప్పినా, అవి అమ్మవారివి కాదప్పా, మా షెడ్డువి అని. ఎవురూ నమ్మల్యా. మర్నాటికి తాగినోళ్ళకు వాంతులు మొదలైనంక నమ్మినారు."

ఆ బోరు మూసేశారు. పాత షెడ్డు మూతపడింది, దాని యజమాని ఊరు విడిచి పోయాడు. తర్వాత మళ్ళీ కరువులు వచ్చాయి. ఇంకేదీ పైకి రాలేదు. విషం పోసిన బోర్లు ఏవని ఎవరూ అడగలేదు, చాచా చెప్పలేదు. ఆయన మా షెడ్డుకు వచ్చి, పూత పని తెలిసినా అది వద్దని, ఈ నీళ్ళ పని అడిగి తీసుకున్నారు.

ఆ సాయంత్రం అవ్వకు చెప్పాను. "కొత్త కుండమ్మీ అది," అంది. తర్వాత లేచిపోయి శనక్కాయలు ఉడకేసింది. మర్నాడు ఒక సంచి నిండా నా చేతికిచ్చి, "ఆయప్పకు ఇయ్యి. పొట్టు కూడా మిగల్చకుండా తినమను," అంది. చాచా ఆ శనక్కాయలు నాకు ఒక్కటి కూడా పెట్టలేదు.

చెరువుకు కాలవ వస్తోందని తెలిసిన రోజు నుంచి ఆయన నిద్రపోయినట్టు లేదు. ఆదివారాలు నన్ను తన మోపెడ్ మీద ఎక్కించుకుని మెరక పొలాలకు బయలుదేరేవారు. నా ఒళ్ళో పరీక్ష మందు సీసాలు, తాడు కట్టిన చిన్న బాటిలు ఉండేవి. మా వైపు పొలాలు చూసినవాళ్ళకు తెలుసు, ఎన్ని బోర్లు వేశామో, ఎన్ని ఎండాయో. ప్రతిదాని మీదా ఒక బండరాయి ఉంటుంది. ఎండలో ఆ రాళ్ళ మధ్య తిరుగుతుంటే మాట్లాడబుద్ధి కాదు. మొదటి బోరు సులభంగా దొరికింది, దిగువ పొలానికి పసుపు వచ్చింది దాని నుంచే. రెండోది తుమ్మచెట్ల మధ్య పూడిపోయి ఉంది. రాయి జరిపి తాడు వదిలాము. చాలా లోతున బాటిలు నీళ్ళకు తగిలింది. పైకి లాగితే లేత పసుపు. రెండు చుక్కలు వేశాను, ఊదా తిరిగింది. ఇన్నేళ్ళు చీకట్లో ఉన్నా అది ఏమీ మరచిపోలేదు. చుట్టూ ఒక్క పిట్ట అరుపు లేదు. చాచా ఆ రాయి మీద కూలబడ్డారు. "పోసేసి, ఈడనే కూచొని అన్నం తిన్యాను," అన్నారు.

అధికారులకు చెప్పాము. వాళ్ళు వచ్చి రెండు బోర్లకూ మూతలు బిగించారు. వాటిలోని నీళ్ళు ఇప్పుడు టాంకరులో మా షెడ్డుకే వస్తున్నాయి. మొదటి టాంకరు నీళ్ళను చాచానే శుద్ధి చేశారు. ఒకప్పుడు తాను పోసిన నీళ్ళను తానే ఆకుపచ్చగా మార్చి, సున్నం పోసి, తేరేదాకా స్టూలు మీద కూర్చుని చూశారు. నేను పరీక్ష చేసి బాగుందని చెప్పాక, "ఇంగొక్క తూరి" అన్నారు.

మూడోది దొరకలేదు. గట్లు చదును చేశారు, గుర్తు పెట్టుకున్న చెట్లు లేవు, గుట్టను సగం కంకరకు తవ్వేశారు. ఈలోపు చాచా ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరారు. చూడ్డానికి పోతే మాస్కు పక్కకు జరిపి అన్నారు: "దానికొక గుర్తు ఉండాది. చెప్తే నవ్వుతావని చెప్పల్యా. అది ఊపిరి తీస్తాది."

జ్వరంలో మాట్లాడుతున్నారనుకున్నాను.

"పొద్దున పైపు దింపే ముందు దాని నోటి మీద నా టవలు పెట్టినా. లోపలికి పీల్చుకునింది. గట్టిగా పట్టుకోకుంటే పోయేదే. మధ్యాహ్నం చూస్తే అదే టవలు పైకి లేస్తాంది, లోపల్నుంచి ఎవురో ఊదినట్ల. అందరం పరిగెత్తినాం. మేస్త్రీ తిట్టి మళ్ళా పిల్చుకొచ్చినాడు. పోసినాం. టాంకరంతా పోసినా కింద పడిన చప్పుడు రాల్యా బీఎస్సీ."

కాలేజీలో నాకు పాఠం చెప్పిన మేడమ్‌ను అడిగాను. అది నిజమేనట. కింద రాతిలో పెద్ద పగుళ్ళు ఉండి, వాటి నిండా గాలి ఉంటే, బయట గాలి ఒత్తిడి మారినప్పుడల్లా బోరు పీలుస్తుంది, వదులుతుంది. దయ్యం కాదు. కానీ ఆమె ఇంకో మాట కూడా అన్నారు. అలా ఊపిరి తీసే బోరు కింద పగుళ్ళు చాలా దూరం పోయి ఉంటాయి, నీళ్ళు ఊరితే అందులో పోసింది ఏ ఊరి బోరులో తేలుతుందో చెప్పలేమని. దయ్యమైతేనే నయమనిపించింది.

ఆఖరిసారి చూసినప్పుడు, "దొరక్కపోతే ఎట్ల చాచా?" అన్నాను.

"అడుగు. అందర్నీ అడుగు. నాకు సిగ్గై అడగలేకపోయినా. నీకేం సిగ్గు, నువ్వు పొయ్యల్యా కదా. నా పేరు పెట్టే అడుగు." పేరు మాత్రం రాయొద్దని ఆయన కూతురు నన్ను కోరింది. ఆమె మాట కాదనలేక రాయడం లేదు.

మట్టికి తీసుకుపోయే రోజు అవ్వా నేనూ వాళ్ళ గుమ్మం దగ్గర నిలబడ్డాము. ఆఖరి స్నానం చేయించినవాళ్ళు బయటికొచ్చి చెప్పారు, ఎంత రుద్దినా గోళ్ళ మొదళ్ళలో పసుపు పోలేదని.

ఇప్పుడు నాయనా నేనూ వెతుకుతున్నాము. షెడ్డుకు పోకముందు ఆయన గొర్రెల వెంట నేనూ పోతున్నాను. నిన్న పొద్దున ఒక రాయి జరిపి, నాయన తలగుడ్డ విప్పి బోరు మీద పరిచాడు. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని చూశాము. గొర్రెలు మేత ఆపి మా చుట్టూ నిలబడ్డాయి. గుడ్డ మధ్యలో కొంచెం కుంగినట్టు అనిపించింది. నాయన నా వైపు చూశాడు. చాలాసేపు చూశాము. బరువుకు కుంగిందంతే.

మా ఊరు శింగనమల నుంచి బస్సులో అరగంట. మూతపడిన పట్టుపురుగుల షెడ్ల దగ్గర నుంచి మా చెరువు మరవ, అంటే నిండిన నీళ్ళు పొర్లిపోయే అలుగు దాకా ఉన్న మెరక పొలాల్లో మీకు పాత బోరు ఉంటే, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రాయి జరిపి పలచటి గుడ్డ పరిచి చూడండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, చూశాక రాయి మళ్ళీ పెట్టేయండి. గుడ్డ లోపలికి పోయినా, పైకి లేచినా, ఆ బోరులో మోటారు దింపకండి. మీ పొలం ఎక్కడో చెప్తూ ఈ పత్రిక చిరునామాకు నాలుగు మాటలు రాయండి, నేనే వస్తాను. రాయడం రాకపోతే బడికి పోయే పిల్లలతో రాయించండి. కాలవ నీళ్ళు వదిలేలోపు, అంటే వచ్చే నెల ఐదో తేదీలోపు మీ జవాబు నాకు అందాలి. గుడ్డ కదలకపోయినా రాయండి. అది కాదని తెలిసినా మాకు ఒక రాయి తగ్గుతుంది.